మన ఇల్లు, మన క్షేమం: వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి



"అయ్యగారూ, ఆ నల్లా ముట్టకండి. బకెట్ల నీళ్ళున్నయి, మగ్గుతో తీసుకోండి."

గత వేసవిలో నానక్‌రామ్‌గూడలో ఒక కుటుంబాన్ని దర్శించడానికి వెళ్ళినప్పుడు, చేతులు కడుక్కోబోతుంటే ఆ ఇంటి సహోదరి నన్ను ఆపి అన్న మాట ఇది. ఎందుకమ్మా అని అడిగాను. "పొద్దున పూట జుమ్మంటది. మాకు అలవాటైపోయింది. పాపకు కూడా చెప్పి పెట్టినం" అన్నది. ఐదేళ్ళ ఆ పాప గుమ్మంలో నిలబడి, తనకు తెలుసన్నట్లు తల ఊపింది.

"అలవాటైపోయింది" అన్న ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. నల్లాలోకి కరెంటు రావడం ఒక సంగతి. దానికి ఇల్లంతా అలవాటుపడి, ఐదేళ్ళ బిడ్డకు కూడా నేర్పించడం అంతకన్నా పెద్ద సంగతి. అందుచేత ఈ నెల మన శీర్షికలో ఇంటి వైరింగులో వచ్చే వింత లోపాల గురించి వ్రాస్తున్నాను. నేను కరెంటు పని నేర్చినవాడను కాను. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఆ ఇంట్లో లోపాన్ని కనిపెడుతుండగా పక్కన నిలబడి చూసినదీ, ఆయన నాకు ఓపికగా వివరించినదీ ఇక్కడ చెబుతున్నాను.

ఆ ఇల్లు

నానక్‌రామ్‌గూడ హైదరాబాదు నగరానికి పడమట, శేరిలింగంపల్లి వైపున ఉన్న పాత ఊరు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ ప్రాంతపు ఊళ్ళ రూపమే మారిపోయింది. నేడు అక్కడ ఎటు చూసినా అద్దాల మేడలే. అమెరికా కాన్సులేటు కూడా 2023లో అక్కడి కొత్త భవనంలోకి వచ్చింది. అయితే ఆ మేడల వెనుక సందుల్లో పాత ఊరు ఇంకా ఉన్నది. ఒకప్పుడు రెండు గదులున్న ఇంటి మీద ఒక అంతస్తు, దాని మీద మరొకటి లేచాయి. మేడల్లో ఊడ్చేవారు, కారు నడిపేవారు, కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్రవాళ్ళు, అందరూ ఆ గదుల్లోనే అద్దెకుంటారు.

ఈ ఇల్లు కూడా అటువంటిదే. కింద పాలమూరు వైపు నుండి వచ్చిన మన సహోదరి కుటుంబం. ఆమె భర్త కారు నడుపుతాడు. మొదటి అంతస్తులో ఇంటి యజమానురాలు. పైన ఒంటరి గదిలో ఉద్యోగం చేసుకుంటున్న ముగ్గురు కుర్రవాళ్ళు. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు ఉన్న రోజుల్లో వేసిన వైరింగుకే ఒక్కొక్కటిగా గీజరు, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, మోటారు, పై గది తగిలించుకుంటూ పోయారు. ఇంటి మొత్తానికి ఎర్తు గుంత ఒక్కటే. దానిమీద ఎప్పుడో బండ పరిచేశారు.

ముగ్గురికి మూడు ఫిర్యాదులు. కింది ఇంట్లో పొద్దున నల్లా షాక్ కొడుతుంది, అది కూడా శని, ఆదివారాల్లో కాదు. అప్పుడప్పుడు బల్బులు ఉన్నట్టుండి ఎక్కువగా వెలుగుతాయి. ఒక రోజు అలా వెలిగినప్పుడే టీవీ కాలిపోయింది. మొదటి అంతస్తులో యజమానురాలు గీజరు వేస్తే ఆమె ఇంట్లోని బల్బులు మసకబారతాయి. పై గదిలో కుర్రవాళ్ళ ఇస్త్రీ పెట్టె సరిగా వేడెక్కదు. కొత్తది కొన్నా అంతే.

ఎవరి ఆలోచన వారిది. "మా ఇల్లు మంచిగనే ఉంది సార్. కింద వాళ్ళ టీవీ పాతది, అందుకే కాలింది" అన్నది యజమానురాలు. ఆమె పాపం ఊరుకోలేదు. రెండుసార్లు మనిషిని పిలిపించి కింది ఇంటి వైరింగు చూపించింది. వచ్చినతను మధ్యాహ్నం పూట నల్లాకు టెస్టరు పెట్టి చూశాడు. వెలగలేదు. "ఏం లేదమ్మా, మీ భ్రమ" అని వెళ్ళిపోయాడు.

వెళ్ళే దారి, వచ్చే దారి

ముందుగా ఒక్క సంగతి గ్రహించాలి. కరెంటు నీళ్ళలాగా వచ్చి మన ఇంట్లో ఖర్చయిపోదు. ఒక తీగమీద వచ్చి, బల్బులోనో ఫ్యాన్‌లోనో పని చేసి, మరొక తీగమీద తిరిగి వెళుతుంది. వచ్చే తీగను ఫేజు అంటాము. తిరిగి వెళ్ళే తీగ న్యూట్రల్. మూడవది ఎర్తు. దానిలో మామూలుగా కరెంటు పారకూడదు. ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్జు, గీజరు వంటి వాటి ఇనుప ఒంటికి పొరపాటున ఫేజు తగిలితే, దానిని నేలలోకి తీసుకుపోయి మనలను కాపాడడానికే అది ఉన్నది. మన ఇళ్ళలో ఫేజుకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ వాడడం వాడుక. అయితే ఉన్న తీగతో సరిపెట్టుకునే పనివారు కూడా ఉన్నారు గనుక, రంగును చూసి నమ్మకూడదు.

మనమందరం వచ్చే దారినే చూస్తాము. ఫేజు వచ్చిందా అని టెస్టరు పెడతాము, ఫ్యూజు చూస్తాము. తిరిగి వెళ్ళే దారిని ఎవరూ చూడరు. "అయ్యగారూ, నా సర్వీసులో అంతుబట్టని కేసులు చాలామటుకు వెళ్ళే దారిలోనే దొరికాయి" అన్నారు పెద్దాయన.

ఆయన రాగానే స్క్రూడ్రైవరు తీయలేదు. పాప నోటు పుస్తకంలోంచి ఒక కాగితం అడిగి, మూడు ఇళ్ళవారినీ కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు వేశారు. లోపం ఎప్పుడు కనిపిస్తుంది? అప్పుడు ఏ ఇంట్లో ఏది నడుస్తుంది? ఏది ఆపితే పోతుంది? వారం రోజులు వ్రాసిపెట్టమన్నారు. వారం తరువాత ఆ కాగితం చూస్తే సగం జవాబు అందులోనే ఉన్నది. నల్లా షాక్ కొట్టినదంతా పని దినాల్లో ఎనిమిదింటికి. కుర్రవాళ్ళు బట్టలు ఇస్త్రీ చేసుకునేదీ అప్పుడే. కింది ఇంట్లో బల్బు ఎక్కువగా వెలిగినదంతా యజమానురాలు గీజరు వేసినప్పుడే.

మొదటి లోపం: బల్బుకు ఎక్కువ వెలుగు

ఆ ఇంటికి మూడు ఫేజుల లైను వస్తుంది. ఒక్కొక్క మీటరుకు ఒక్కొక్క ఫేజు. కాని ముగ్గురి కరెంటూ తిరిగి వెళ్ళే న్యూట్రల్ ఒక్కటే. మీటర్ల పెట్టెలో ఆ తీగలన్నీ కలిసే ఇత్తడి పట్టీని న్యూట్రల్ లింకు అంటారు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు ఉంటాయి. ఒక ఫేజుకూ మరొక ఫేజుకూ మధ్య అయితే సుమారు 400 వోల్టులు.

ఇప్పుడు ఆ లింకు దగ్గర న్యూట్రల్ తెగిందనుకోండి. కరెంటుకు తిరిగి వెళ్ళే దారి లేదు. అప్పుడది మొదటి అంతస్తు గీజరు గుండా వచ్చి, కింది ఇంటి బల్బు గుండా రెండవ ఫేజులోకి పోతుంది. అంటే గీజరు, బల్బు రెండూ ఒకే వరుసలో 400 వోల్టులను పంచుకుంటాయి. ఆ పంపకం సమానంగా జరగదు. 2000 వాట్ల గీజరు ఒకవైపు, 100 వాట్ల బల్బు ఒకవైపు ఉంటే, బల్బు వాటాకు సుమారు 380 వోల్టులు వస్తాయి. 230కి తయారైన వస్తువు 380 తట్టుకోలేదు. పెద్ద బరువున్న ఇంట్లో వెలుతురు తగ్గి, చిన్న బరువున్న ఇంట్లో వెలుతురు పెరుగుతుంది. టీవీ కాలిపోయేది తప్పు చేసిన ఇంట్లో కాదు, పక్క ఇంట్లో.

ఈ ఇంట్లో న్యూట్రల్ పూర్తిగా తెగలేదు, వదులైంది. అందుచేతనే ఒకరోజు ఉండి ఒకరోజు పోయేది. మీటర్ల పెట్టె దగ్గర ఆ స్క్రూ చుట్టూ తీగ నల్లగా మాడి ఉన్నది. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది.

పల్లెల్లో ఉన్న మన పాఠకులకు ఇది కొత్త కాదు. గాలివానకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగిన రోజున వీధి వీధంతా టీవీలు కాలిపోయిన అనుభవం ఎంతోమందికి ఉండవచ్చు. "హై వోల్టేజి వచ్చింది" అనుకుంటాము. చాలాసార్లు నిజానికి వచ్చింది ఎక్కువ కాలేదు, తిరిగి వెళ్ళే దారి పోయింది. గనుక కొన్ని దీపాలు మరీ ఎక్కువగా, కొన్ని మరీ తక్కువగా వెలుగుతుంటే, ఏది ఏమిటని చూస్తూ నిలబడవద్దు. వెంటనే మెయిన్ ఆపి, 1912కు ఫోను చేయండి. రెండు తెలుగు రాష్ట్రాలలోను కరెంటు ఫిర్యాదులకు అదే నంబరు.

రెండవ లోపం: నల్లాలో కరెంటు

పెద్దాయన లైసెన్సు ఉన్న ఒక ఎలక్ట్రిషియన్‌ను వెంటబెట్టుకొని, పని దినం చూసి పొద్దున్నే వచ్చారు. తడి మట్టిలో వేరుగా ఒక ఇనుప కడ్డీ దిగగొట్టి, దానికీ నల్లాకూ మధ్య మీటరు పెట్టించారు. ఇరవై పై చిలుకు వోల్టులు చూపింది. కింది ఇంటి మెయిన్ ఆపించారు. ముల్లు కదలలేదు. అంటే ఈ కరెంటు కింది ఇంటిది కాదు. ఎవరి ఇంట్లో షాక్ కొడుతుందో ఆ ఇంటినే రెండుసార్లు వెదికించారు, దొరకలేదు. ఎలా దొరుకుతుంది?

తరువాత పైనున్న కుర్రవాళ్ళను పిలిచి, "బాబూ, రోజూలాగా ఇస్త్రీ పెట్టె వేయండి" అన్నారు. మీటరు వంద దాటింది. ఎవరూ మాట్లాడలేదు. పాప తల్లి పాపను దగ్గరకు తీసుకున్నది. పై గది స్విచ్చి ఆపగానే ముల్లు సున్నాకు పడిపోయింది.

పై గది బోర్డు విప్పించారు. సాకెట్టులో న్యూట్రల్ ఉండవలసిన చోట ఆకుపచ్చ తీగ బిగించి ఉన్నది. నల్ల తీగ కొస ఏ పనీ లేకుండా మడిచి పెట్టి ఉన్నది. ఎప్పుడో గోడలో ఎవరో మేకు కొట్టినప్పుడు లోపలి పైపులో న్యూట్రల్ తెగింది. బల్బు వెలగలేదు. వచ్చిన పనివాడు టెస్టరు పెడితే సాకెట్టులో రెండు రంధ్రాల్లోనూ వెలిగి ఉంటుంది. ఇది కూడా చాలామందిని తికమకపెట్టే వింతే. రెండు ఫేజులు ఎలా వచ్చాయి అనుకుంటారు. రెండు రాలేదు. ఉన్న ఒక్క ఫేజే, స్విచ్చి వేసి ఉన్న బల్బు గుండా అవతలి తీగలోకి దిగి, దారి తెగినందున అక్కడే నిలబడింది. స్విచ్చులన్నీ ఆపి చూస్తే ఒక రంధ్రంలో వెలుగు పోతుంది. అప్పుడు న్యూట్రల్ తెగిందని తెలిసిపోతుంది.

ఆ పనివాడు గోడలో కొత్త తీగ లాగలేదు. దగ్గరలో కనబడిన ఎర్తు తీగను తెచ్చి న్యూట్రల్ స్థానంలో బిగించాడు. దీపం వెలిగింది. అందరూ సంతోషించారు.

ఆ రోజు నుండి పై గది కరెంటంతా ఎర్తు తీగలో దిగి, బండ కింద ఎండిపోయిన గుంతలోకి పోవడం మొదలుపెట్టింది. తడి ఉన్న నేల కరెంటును తేలికగా తీసుకుంటుంది. ఎండిన నేల అడ్డుకుంటుంది. ఆ అడ్డు 50 ఓములు అనుకుందాము. ఫ్యాను, టీవీ, బల్బులు కలిసి అర ఆంపియరు లాగితే ఎర్తు తీగమీద 25 వోల్టులు నిలుస్తాయి. తడి చేతికి జుమ్మంటుంది. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె వేస్తే అదే తీగమీద 110 వోల్టులు దాటుతాయి. మొదటి అంతస్తు గీజరు ఒంటికి ఆ ఎర్తే. గీజరు నుండి పాత ఇనుప పైపు. పైపు నుండి కింది ఇంటి నల్లా. మనలను కాపాడవలసిన తీగే షాకును ఇంటింటికీ మోసుకొచ్చింది.

ఇస్త్రీ పెట్టె ఎందుకు వేడెక్కలేదో కూడా ఇప్పుడు తెలిసింది. 230 వోల్టులలో సగం దాకా ఎర్తు గుంతలోనే పోతున్నందున దానికి దక్కినది మిగిలిన సగమే. సగం వోల్టేజికి వేడి నాలుగో వంతే. కొత్త పెట్టె కొన్నా వేడెక్కక పోవడం అందుకే. పైగా ఆ పెట్టె ఇనుప భాగానికి కూడా అదే ఎర్తు గనుక, కుర్రవాళ్ళు కూడా ఆ 110 వోల్టుల పక్కనే నిలబడి బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నారు. "చెప్పులు వేసుకుంటే ఏం కాదులే అనుకున్నామండి" అన్నాడు ఒక అబ్బాయి.

మధ్యాహ్నం టెస్టరు ఎందుకు వెలగలేదు? టెస్టరులోని చిన్న దీపం సుమారు 60, 70 వోల్టులైనా లేనిదే వెలగదు. కొన్నింటికి ఇంకా ఎక్కువ కావాలి. ఇరవై వోల్టులకు వెలగదు. గనుక టెస్టరు వెలిగితే అపాయం ఉన్నట్టే, కాని వెలగకపోతే అపాయం లేదని అర్థం కాదు. "జుమ్మంటుంది" అని ఒక ఆడమనిషి చెబితే, ఆమె మాటకంటే టెస్టరు మాటకు ఎక్కువ విలువ ఇవ్వకండి.

ఎంత కరెంటు ప్రాణం తీస్తుంది?

60 వాట్ల బల్బు వెలగడానికి సుమారు 260 మిల్లీ ఆంపియర్లు కావాలి. మన ప్రాణానికి అపాయం కలగడానికి అంత అక్కరలేదు. అందుచేతనే ప్రాణరక్షణ కొరకు ఇళ్ళలో పెట్టే ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే ఆగిపోయేలా తయారు చేస్తారు. మామూలు ఫ్యూజుగాని, ఎం.సి.బి.గాని ఈ పని చేయలేవు. అవి తీగలు కాలిపోకుండా కాపాడేవి, మనుషులను కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. తనకు చెప్పినదానికంటే ఎక్కువ పారితేగాని కదలదు. అంతలో మనిషి ప్రాణం ఎన్నోసార్లు పోవచ్చు.

ఆర్.సి.సి.బి. చేసే పని చాలా సులువైనది. వెళ్ళిన కరెంటు ఎంత, తిరిగి వచ్చినది ఎంత అని క్షణక్షణం లెక్క చూస్తుంది. లెక్క తప్పితే ఎవరి ఒంటిగుండానో, ఏ తడి గోడ గుండానో పోయిందని గ్రహించి ఆపేస్తుంది. ఆ ఇంట్లో అది ఉండి ఉంటే, ఎర్తును న్యూట్రల్‌గా కలిపిన రోజునే పడిపోయి నిజం చెప్పేది.

కొందరి ఇళ్ళలో అది ఉన్నా "ఊరికే పడిపోతున్నది" అని తీసివేయిస్తున్నారు. దయచేసి అలా చేయవద్దు. ఊరికే పడదు. వానాకాలంలో మాత్రమే పడితే గోడలోని జంక్షను పెట్టెలో తడి చేరి ఉండవచ్చు. మెట్ల దీపం వేసినప్పుడే పడితే, ఆ దీపానికి ఫేజు ఒక అంతస్తునుండి, న్యూట్రల్ మరొక అంతస్తునుండి తీసుకొని ఉండవచ్చు. ఫ్రిజ్జు పెట్టినప్పుడే పడితే ఫ్రిజ్జులోనే లోపం వెదకాలి. అయితే ఒక మాట. ఫేజును ఒక చేత్తో, న్యూట్రల్‌ను మరొక చేత్తో పట్టుకున్నవానిని ఆర్.సి.సి.బి. కూడా కాపాడలేదు. ఎందుకంటే లెక్క సరిపోతుంది గనుక. అది ఉందని ఎర్తు మానకూడదు, జాగ్రత్త మానకూడదు.

మరికొన్ని వింతలు

స్విచ్చి ఆపినా ఎల్.ఇ.డి. బల్బు మసకగా వెలుగుతుంటే: స్విచ్చిలో చిన్న సూచిక దీపం ఉన్నా, పొడవైన పైపులో తీగలు పక్కపక్కనే ఉన్నా అలా జరుగుతుంది. దానితో అపాయం లేదు. కాని స్విచ్చిని ఫేజులో కాక న్యూట్రల్‌లో కలిపినా అలాగే జరుగుతుంది. అప్పుడు స్విచ్చి ఆపినా హోల్డరులో ఫేజు ఉంటుంది. బల్బు మార్చే చేయికి షాక్ తగులుతుంది. ఏది కారణమో ఎలక్ట్రిషియన్‌చేత తేల్చుకోండి. అంతవరకు మెయిన్ ఆపకుండా ఆ బల్బును తాకవద్దు.

ఎం.సి.బి. వేసిన క్షణంలోనే పడితే తీగలు ఒకదానికొకటి తగిలినట్టు. అరగంట నడిచి పడితే బరువు ఎక్కువైనట్టు, లేదా బిగింపు వదులై వేడెక్కినట్టు. రెంటికీ మందు వేరు. పెద్ద ఎం.సి.బి. పెట్టడం, లావు ఫ్యూజు తీగ చుట్టడం ఏ రోగానికీ మందు కాదు. అప్పుడు ఫ్యూజుకు బదులు గోడలోని తీగ కాలుతుంది.

మెయిన్ ఆపినా తీగలో కరెంటు ఉంటే ఇన్వర్టరు గుర్తు తెచ్చుకోండి. మెయిన్ ఆపిన మరుక్షణమే అది తన పని మొదలుపెడుతుంది. గనుక పని చేయించేటప్పుడు మెయిన్‌తోపాటు ఇన్వర్టరును కూడా ఆపించండి.

సాకెట్టు దగ్గర చేపలు మాడిన వాసన వచ్చినా, చిటపటమన్నా, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, అక్కడ బిగింపు వదులైంది. ఇది మంటకు మొదటి మెట్టు. 2025 మే 18న హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది, వారిలో చిన్న పిల్లలు కూడా, మరణించారు. షార్ట్ సర్క్యూట్ కారణమై ఉండవచ్చునని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. పాత ఇల్లు, ఎక్కువమంది మనుషులు, పెరిగిన కరెంటు వాడకం. ఇవి మన ఇళ్ళలో కూడా ఉన్నవే.

మనం చేయగలిగినవి, చేయకూడనివి

లోపం వెదకడం ఇంటివారు చేయవచ్చు. విప్పడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రిషియన్ చేయాలి. ఈ గీత దాటవద్దు. మన వంతు ఏమిటంటే:

1. ఎప్పుడు, ఎక్కడ, ఏది నడిచినప్పుడు అని కాగితం మీద వ్రాయండి. పక్క వాటాలవారిని కూడా అడగండి. లోపం కనిపించే చోట ఉండకపోవచ్చు.

2. ఒక్కొక్క స్విచ్చి, ఒక్కొక్క ఎం.సి.బి. ఆపుతూ, ఏది ఆపినప్పుడు పోయిందో చూడండి. చేతులు పొడిగా, కాళ్ళకు చెప్పులు ఉండాలి. షాక్ పోయిందా అని నల్లాను చేత్తో ముట్టి చూడకండి. అది మీటరు చేయవలసిన పని.

3. ఎర్తు గుంత ఎక్కడున్నదో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. దానిమీద బండ పరచవద్దు. వేసవిలో నీళ్ళు పోయండి. రెండు మూడేళ్ళకు ఒకసారి కొలిపించండి.

4. ఆర్.సి.సి.బి. లేకపోతే పెట్టించండి. ఉంటే నెలకొకసారి దాని మీద టి అని ఉన్న మీట నొక్కండి. పడిపోతే బాగున్నట్టు. పడకపోతే మార్పించండి.

5. ఇనుప కూలరులో నీళ్ళు పోసే ముందు ప్లగ్గు తీయండి. బట్టలు ఆరవేసే దండేనికి ఇనుప తీగ వద్దు, నైలాను తాడు కట్టండి. కరెంటు స్తంభానికి, సర్వీసు తీగ దగ్గర దండెం కట్టవద్దు. మన పల్లెల్లో తడి బట్టలు ఆరవేస్తూ ఎంతమంది తల్లులు ప్రాణాలు పోగొట్టుకున్నారో మీకు తెలుసు.

6. ఎవరికైనా షాక్ తగిలి అంటుకుంటే చేత్తో పట్టుకొని లాగవద్దు. ముందు మెయిన్ ఆపండి. అది దూరమైతే ఎండిన కర్రతో విడిపించండి. వెంటనే 108కి ఫోను చేయండి. కరెంటు మంటమీద నీళ్ళు చల్లవద్దు.

ఆ పాప

ఆ వారంలోనే మరమ్మతు జరిగింది. విద్యుత్ శాఖవారు వచ్చి లైను ఆపిన తరువాత న్యూట్రల్ లింకు మార్చి గట్టిగా బిగించారు. పై గదికి కొత్త న్యూట్రల్ లాగారు. ఆకుపచ్చ తీగ తన చోటికి వెళ్ళింది. బండ తీసి ఎర్తు గుంత బాగుచేశారు. మూడు వాటాలకూ ఆర్.సి.సి.బి.లు పెట్టించారు. యజమానురాలు ఖర్చుకు వెనుకాడలేదు. "నా ఇంట్ల ఆ పోరికి ఏమన్న అయితే నేను ఎట్ల బతుకుదును సార్" అన్నది. కింది వారి టీవీ ధరలో సగం తానే ఇచ్చింది.

తరువాత నేను వెళ్ళినప్పుడు పెద్దాయన మీటరుతో మరొకసారి చూపించారు. సున్నా. "ఇంక ముట్టుకోవచ్చు బిడ్డా" అన్నారు. పాప వాళ్ళమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ సరేనన్నా మగ్గు వదలలేదు. ముందు ఆ తల్లే వెళ్ళి నల్లా తిప్పి, చెయ్యి అలాగే ఉంచి నిలబడింది. అప్పుడు పాప వచ్చి ఒక్క వేలు ఆనించి చూసి, ఆ తరువాత రెండు చేతులూ పెట్టింది.

ప్రియ పాఠకులారా, ఈ పత్రిక పక్కన పెట్టిన తరువాత మీ ఇంట్లో వారిని ఒక్క మాట అడగండి. "మన ఇంట్లో ఎక్కడైనా జుమ్మంటుందా?" అని. ముఖ్యంగా వంట చేసేవారిని, బట్టలు ఉతికేవారిని, పిల్లలను అడగండి. "ఆ, కొంచెం, అలవాటే" అని ఎవరైనా అంటే, రేపటివరకు ఆగకండి.

మీ ఇంట్లోని వింత లోపాలను మాకు వ్రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఏది నడిచినప్పుడు అన్నది తప్పక వ్రాయండి. పెద్దాయనను అడిగి రాబోయే నెలల్లో జవాబు చెబుతాను. అంతవరకు మీ అందరి క్షేమము కోరుతూ సెలవు.